తీగ పిట్టలు, గాజు చేపలు

తీగతో పిట్టను చేసే కళాకారుడు అంచు ఒక్కటే ఇచ్చి ఊరుకుంటాడు. ముక్కు మొన నుంచి నెత్తి మీదుగా వీపు దాకా, అక్కడి నుంచి తోక చివరి దాకా ఒక గీత. లోపల ఏమీ ఉండదు. అవతలి గోడ కనిపిస్తూనే ఉంటుంది. ఆ ఖాళీని పిట్ట ఒళ్లుగా నింపుకునే పని చూసేవాళ్ల కన్నుది. గాజుతో చేపను చేసేటప్పుడు వ్యవహారం తలకిందులవుతుంది. ఒళ్లు నిండుగా, చేతికి బరువుగా ఉంటుంది కానీ అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఒక పట్టాన తేలదు. వెలుతురు ఒక పక్క దూరి, లోపల వంగి, మరో పక్క రంగు పులుముకుని బయటికొస్తుంది. ఒకటి గీత, మరొకటి ముద్ద. యూరప్, అమెరికాల్లోని చిన్న ఊళ్ల గ్యాలరీలు ఈ రెండింటినీ ఒకే గదిలో చూపించడానికి ఇష్టపడేది ఇందుకే. పక్కపక్కన పెడితే దేని స్వభావం ఏమిటో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

కళతో సంబంధం లేని కారణాలూ ఉన్నాయి. చిన్న ఊరి గ్యాలరీ అంటే చాలాచోట్ల ఒకటో రెండో గదులు, పాత బడి భవనమో మూతపడ్డ దుకాణమో. పెద్ద శిల్పాలను దించడానికి క్రేను రాదు, నేల వాటి బరువు మోయలేదు. తీగ పిట్టలు కప్పు నుంచి వేలాడతాయి, గాజు చేపలు కిటికీ పక్క అరల్లో సర్దుకుంటాయి. ధరలు కూడా పెద్ద కాన్వాసు ధరల్లా గుండె ఆపేవి కావు. అన్నిటికన్నా ముఖ్యం, చూడటానికి వచ్చినవాళ్లు బెదరరు. నైరూప్య చిత్రం ముందు నిలబడి ‘ఇది మనకు అందేది కాదు’ అనుకునే మనిషి కూడా తీగ కొంగ ముందు వంగి, మెడ ఎలా తిప్పారో వేలితో గాలిలో గీసి చూసుకుంటాడు. పని మొత్తం బయటికే కనిపిస్తుంది. దాపరికం లేదు.

తీగ అంటే కడ్డీని వరసగా చిన్నవయ్యే రంధ్రాల గుండా లాగగా వచ్చేది. మన కంసాలుల కమ్మచ్చు చేసే పని అదే. కార్ఖానాలో యంత్రం చేసేదీ అదే, కాకపోతే వేగంగా చేస్తుంది. లాగిన ప్రతిసారీ తీగ సన్నబడుతుంది, పొడవు పెరుగుతుంది, గట్టిపడుతుంది. ఈ మూడోదే శిల్పికి అక్కరకొచ్చేదీ, తలనొప్పి తెచ్చేదీ. లాగితే గట్టిపడే తీగ వంచినా గట్టిపడుతుంది. ఒకే చోట వంచి, సరిచేసి, మళ్లీ వంచితే అక్కడ పెళుసెక్కి పుటుక్కున విరుగుతుంది. పెన్సిలు గీతను చెరిపి మళ్లీ గీసుకునే వెసులుబాటు ఇక్కడ లేదు. చెయ్యి తిరిగినవాళ్లు వంపును ఒక్క ఊపులో తీసుకుంటారు. తడబడిన చోట తీగ మీద చిన్న చిన్న మెలికలు మిగులుతాయి. ప్రదర్శనలో దగ్గరగా చూస్తే అనుభవం ఉన్నవాళ్ల పిట్టకూ కొత్తవాళ్ల పిట్టకూ తేడా చెప్పేవి ఆ మెలికలే.

గట్టిపడిన లోహాన్ని ఎర్రగా కాలిస్తే మళ్లీ మెత్తబడుతుంది. ఇళ్లు కట్టే చోట ఇనుప చువ్వలను ముడివేసే బైండింగ్ వైరు అలా మెత్తబరిచిన ఇనుప తీగే. అందుకే అది చేతి వేళ్లకు లొంగుతుంది. తీగ బొమ్మలు నేర్చుకోవాలనుకునేవాళ్లకు దానికంటే చవకైన ముడిసరుకు లేదు, ఏ సిమెంటు దుకాణంలో అడిగినా ఇస్తారు. తీగ లావును గేజ్‌తో చెబుతారు. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 16 గేజ్ తీగ సుమారు 1.6 మిల్లీమీటర్లు, 18 గేజ్ 1.2, 22 గేజ్ 0.7. పిట్ట అస్థిపంజరానికి లావు తీగ, ఈకలకు సన్న తీగ వాడటం మామూలు. అల్యూమినియం తేలిక, మెత్తన, కానీ వంపులో బిగువు నిలవదు. రాగి ఏళ్లు గడిచేకొద్దీ నల్లబడి అందం తెచ్చుకుంటుంది. ఇనుము తుప్పు పడుతుంది. కొందరు ఆ తుప్పు రంగునే కోరుకుని, కావలసినంత పట్టాక మైనం రుద్ది ఆపుతారు. జింకు పూత ఉన్న జీఐ తీగను మాత్రం మంటలో పెట్టకూడదు. దాని పొగ పీలిస్తే చలీ జ్వరమూ పట్టుకుంటాయి.

పిట్టను కట్టడంలో చిక్కంతా కాళ్ల దగ్గరే. బరువు ముందుకు తూగుతుంటుంది, నిలబెట్టేవి రెండు సన్నని తీగలు. ఒంటి బరువు సరిగ్గా పాదాల మీద పడేలా కాళ్లు ముందుకు జరగాలి. నిజం పిట్టలు చేసేదీ ఇదే. పక్షి కాలు చూస్తే మోకాలు వెనక్కి వంగినట్టు అనిపిస్తుంది. అది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పైన ఈకల్లో దాగి ఉంటుంది. ఈ సంగతి తెలియక చేసిన పిట్టకు అన్నీ కుదిరినా నిలబడటంలో ఏదో లోపం కనిపిస్తుంది, అదేమిటో చూసేవాళ్లు చెప్పలేరు. పక్షుల్ని గమనించే అలవాటున్నవాళ్లు దూరాన ఎగిరేదాన్ని రంగు చూడకుండానే ఆకారంతో పోల్చుకుంటారు. పెద్ద తల, పొడవాటి ముక్కు, పొట్టి తోక ఉంటే లకుముకి. మెడను మడిచి ఎగిరితే కొంగ. తీగ శిల్పి బతుకు ఈ గుర్తుల మీదే. నాలుగు వంపుల్లో ఏ పిట్టో తెలియకపోతే నలభై వంపులు వేసినా తెలియదు.

పని పద్ధతులు రకరకాలు. ఒకే తీగను ఎక్కడా తెంచకుండా ముక్కు నుంచి కాలి గోరు దాకా నడిపించేది ఒకటి. ఇది చూడటానికి తేలికైన గీత, చేయడానికి కష్టం. ముందు చట్రం కట్టి, దానికి సన్నని తీగ ముక్కలను కుచ్చులుగా చుట్టి ఈకలు మొలిపించేది మరొకటి. ఇందులో పాత కరెంటు వైర్లు, టెలిఫోను తీగలు, వాటి రంగు తొడుగులు కూడా కలిసిపోతాయి. తీగను కుట్టులా ఉచ్చులు ఉచ్చులుగా అల్లుతూ గుండ్రని ఒంటిని తీసుకొచ్చే పద్ధతికి పేరు తెచ్చింది అమెరికా శిల్పి రూత్ అసావా. జపాన్ మూలాల కుటుంబంలో 1926లో పుట్టిన ఆమెను రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంటివాళ్లతో పాటు నిర్బంధ శిబిరంలో పెట్టారు. 1947లో మెక్సికోలోని తొలూకా పట్టణంలో బుట్టలల్లేవాళ్ల దగ్గర తీగ అల్లిక చూసి నేర్చుకుంది. ఆమె అల్లినవి పిట్టలు కావు, పైకప్పు నుంచి వేలాడే బుర్రకాయల్లాంటి రూపాలు. కానీ ఇవాళ అల్లిక తీగతో పిట్ట ఒళ్లు చేసే ఎవరికైనా దారి వేసింది ఆమే. పూచికలు అల్లి గిజిగాడు కట్టే గూడుకూ ఈ పనికీ పెద్ద తేడా లేదు. రెండింటిలోనూ ఒక ఉచ్చు ఇంకో ఉచ్చును పట్టుకుని ఉంటుంది.

తీగ శిల్పం గురించి చెప్పేటప్పుడు అలెగ్జాండర్ కాల్డర్ దగ్గర కాస్త ఆగక తప్పదు. 1898లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టాడు. తాత, తండ్రి ఇద్దరూ శిల్పులు, తల్లి చిత్రకారిణి. ఆయన మాత్రం మెకానికల్ ఇంజనీరింగు చదివి 1919లో పట్టా పుచ్చుకున్నాడు. అంతకు పదేళ్ల ముందు, 1909 క్రిస్మస్‌కు, పదకొండేళ్ల వయసులో అమ్మానాన్నలకు ఇత్తడి రేకు కత్తిరించి వంచిన కుక్కనూ బాతునూ కానుకిచ్చాడు. ఆ బాతును తడితే ఊగుతుంది. కదిలే శిల్పం అనే ఊహ ఆ బాతుతోనే మొదలైందని కళా చరిత్రకారులు చెబుతారు, అందులో అతిశయోక్తి పెద్దగా లేదు. 1925లో న్యూయార్కులో చిన్న గదిలో ఉంటూ, గడియారం లేక, తీగతో ఒక నీడ గడియారం చేసుకున్నాడు. నిలువు కడ్డీ మీద ఒక తీగ కోడిపుంజు, కింద చుట్టూ గీతలు. తీగతో ఒక జీవి రూపం చేయడం తనకు అదే మొదలని ఆయనే తరవాత చెప్పుకున్నాడు. అంటే ఇరవయ్యో శతాబ్దపు తీగ శిల్పానికి పెద్ద దిక్కు అనదగిన మనిషి తీగతో చేసిన తొలి జీవి ఒక పక్షి.

మరుసటి ఏడు పారిస్ చేరాడు. తీగ, గుడ్డ, బెండు, చెక్కలతో బుల్లి సర్కస్ కట్టి, నేల మీద కూర్చుని తన చేత్తో ఆడించి మిత్రులకు చూపించేవాడు. 1926 నుంచి 1931 దాకా పెరుగుతూ వచ్చిన ఆ సర్కస్ ఇప్పుడు న్యూయార్కులోని విట్నీ మ్యూజియంలో ఉంది. 1955 జనవరిలో సారాభాయ్ కుటుంబం పిలుపు మీద కాల్డర్ అహ్మదాబాద్ వచ్చి, వాళ్ల ఇంట అతిథిగా ఉండి, అక్కడ దొరికిన సామగ్రితోనే కొన్ని శిల్పాలూ నగలూ చేశాడు. ఆయన పనిలో గొప్ప ఏమిటంటే, తీగను ఆయన చౌక లోహంగా చూడలేదు, మరో ఖరీదైన పదార్థానికి బదులుగానూ చూడలేదు. గాలిలో గీసిన గీతగా చూశాడు. నేటి తీగ పిట్టల్లో మంచివీ చెడ్డవీ తేల్చడానికి ఇంతకన్నా మేలైన కొలబద్ద లేదు. ఇత్తడి పిట్టకు నకలులా ఉంటే అది వట్టి తీగ చుట్ట.

ఈ కళకు మరో పుట్టిల్లు ఆఫ్రికా దక్షిణ భాగం. జింబాబ్వే, దక్షిణాఫ్రికాల్లో పిల్లలు పారేసిన తీగలతో బొమ్మ కార్లు చేసుకుని తోలడం ఎప్పటి నుంచో ఉంది. పెద్దయ్యాక అదే చేతిపనితో తీగా పూసలూ కలిపి గిన్నీకోళ్లు, జింకలు చేసి రోడ్ల కూడళ్లలో అమ్ముతారు. జులూ అల్లికగాళ్లు రంగు రంగుల టెలిఫోను తీగతో గిన్నెలు అల్లుతారు. రాత్రి కాపలాదారులు పొద్దుపోవడానికి చేతికర్రల చుట్టూ తీగ అల్లుకోవడంతో ఆ పని మొదలైందంటారు. మన దగ్గర తీగ పనికి కరీంనగర్ ఉంది. అక్కడి కళాకారులు వెండిని వెంట్రుక సన్నాన తీగలు లాగి, రెండేసి తీగలను పురిపెట్టి, లావు తీగ చట్రంలో చుట్టలు చుట్టలుగా నింపి, వెలిగారం వేసి టంకం పెడతారు. అత్తరు దానులు, పాన్ దానులు, నెమళ్లు అలా వస్తాయి. ఈ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దీన్ని శిల్పం అనకుండా ‘హస్తకళ’ అరలో పెట్టేయడం మన అలవాటు. పారిస్‌లో చేస్తే శిల్పం, కరీంనగర్‌లో చేస్తే హస్తకళ అనే లెక్క ఎవరు వేశారో తెలియదు.

గాజు చేపకు మాత్రం మూడు వేల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఈజిప్టులోని అమర్నాలో ఒక మామూలు ఇంటి నేల కింద పాతిపెట్టిన చేప సీసా ఒకటి దొరికింది. ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. జానెడు పొడవు కూడా లేదు. క్రీస్తు పూర్వం 1350 ప్రాంతంలో చేసినది. నీలం ఒంటి మీద తెలుపు, పసుపు అలలు పొలుసుల్లా పరుచుకుని ఉంటాయి, నోరు తెరిచి ఉంటుంది. ఆ చేప నైలు నదిలోని తిలాపియా. తిలాపియా గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, పిల్లలు నోట్లోంచే ఈదుతూ బయటికొస్తాయి. ఈజిప్టువాళ్లకు అది పునర్జన్మకు గుర్తు. అప్పటికి గాజును ఊదడం తెలియదు. లోహపు కడ్డీ చివర మట్టి ముద్దను చేప ఆకారంలో పెట్టి, దాని మీద కరిగిన గాజును పోగులుగా చుట్టి, వేడి మీదే రంగు పోగులు వేసి, మొనదేలిన పనిముట్టుతో అటూ ఇటూ లాగితే ఆ అలలు వచ్చేవి. చల్లారాక లోపలి మట్టిని గీకి తీసేవారు.

గాజును గొట్టంతో ఊదవచ్చని క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దంలో మధ్యధరా తూర్పు తీరంలో కనిపెట్టారు. అంతటితో గాజు రాజుల ఇళ్ల నుంచి అంగళ్లలోకి వచ్చింది. ఆ తరవాతి కాలపు చేపలు అఫ్ఘానిస్తాన్‌లోని బెగ్రామ్‌లో దొరికాయి. 1930ల చివర్లో ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్తలు అక్కడ గోడలతో మూసేసిన రెండు గదులు తెరిచారు. రోమన్ లోకపు గాజు, చైనా లక్క సామాను, భారతీయ దంతపు చెక్కడాలు ఒకే చోట బయటపడ్డాయి. వాటి మధ్య ఊదిన గాజు చేప సీసాలు, ఒంటికి అతికించిన గాజు పోగుల రెక్కలతో. దంతపు పని ఇటు నుంచి వెళ్లింది, గాజు చేపలు అటు నుంచి వచ్చాయి. రెండూ ఒకే వర్తక మార్గపు సరుకు.

వెనిస్ ప్రభుత్వం అగ్నిప్రమాదాల భయంతో 1291లో గాజు కొలుములన్నింటినీ మురానో దీవికి తరలించింది. ఆ దీవి తరవాత ఏడు వందల ఏళ్లుగా గాజుకు మారుపేరు. దళసరి గాజు దిమ్మె లోపల రంగు చేపలు ఈదుతున్నట్టు చేసే ‘అక్వేరియం’ దిమ్మెలు ఇరవయ్యో శతాబ్దం నడుమ మురానోలో జోరుగా వచ్చాయి. ఇప్పుడు పర్యాటకుల దుకాణాల్లో దొరికే గాజు చేపల్లో సగం వాటి వారసులే, ఎక్కువ భాగం సన్నరకం వారసులు.

గాజులో సముద్ర జీవులను ఇంకెవరూ చేరలేని ఎత్తుకు తీసుకెళ్లినవాళ్లు డ్రెస్డెన్ వాస్తవ్యులు లియోపోల్డ్ బ్లాష్కా, కొడుకు రుడాల్ఫ్. 1860ల నుంచి 1890 దాకా జెల్లీ చేపలు, ఆక్టోపస్‌లు, సముద్రపు పూలను దీపపు మంట మీద గాజు కడ్డీలు కరిగించి చేసి మ్యూజియాలకు పంపేవారు. వాళ్లు అసలు చేపల జోలికి పెద్దగా పోలేదు. ఎముకలున్న చేపను సారాలో నిల్వ ఉంచితే ఆకారం నిలుస్తుంది. వెన్నెముక లేని మెత్తటి జీవులు రంగు పోయి ముద్దగా మారతాయి. విద్యార్థులకు చూపించాలంటే గాజు నకలు తప్ప గతి లేదు. అవసరం ఉన్నచోటికే కళ వెళ్లింది.

ఇంత చరిత్ర ఉన్నా, ఒక చిన్న ఊళ్లో ఒక మనిషి సొంతంగా గాజు చేప చేసి అమ్ముకోవడం 1960లకు ముందు దాదాపు అసాధ్యం. కొలిమి అంటే కార్ఖానా, కార్ఖానా అంటే పదుల మంది పనివాళ్లు. 1962లో అమెరికాలోని టొలీడో కళా మ్యూజియం ఆవరణలో ఒక గరాజు లాంటి కొట్టంలో హార్వీ లిటిల్టన్ అనే కుండల కళ అధ్యాపకుడు చిన్న కొలిమి పెట్టి శిక్షణ శిబిరం నడిపాడు. మొదట గాజు సరిగ్గా కరగలేదు. గాజు శాస్త్రజ్ఞుడు డొమినిక్ లబీనో, ఫైబర్‌గ్లాస్ తయారీకి వాడే గోళీలను తెచ్చి కరిగించమన్నాడు. అవి కరిగాయి. అక్కడి నుంచి గాజు కార్ఖానా గడప దాటి ఒంటరి కళాకారుడి ఇంటి వెనక షెడ్డుకు వచ్చింది. స్టూడియో గ్లాస్ ఉద్యమం అంటే ఇదే. చిన్న ఊరి గ్యాలరీ అరలో గాజు చేప కనబడుతోందంటే ఆ గోళీల చలవే.

చేప తయారీలో మూడు దారులు కనిపిస్తాయి. మొదటిది కొలిమి దారి. దాదాపు 1100 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి ఉన్న గాజును ఇనప గొట్టం చివర తోడుకుని, నున్నటి ఇనప బల్ల మీద దొర్లించి, రంగు పొడి అద్ది, మళ్లీ తోడుకుంటారు. పొర మీద పొర. ఒళ్లు కుదిరాక అదనపు గాజు ముద్దను వీపున అతికించి పటకారుతో ఒక్క లాగు లాగితే వీపు రెక్క లేస్తుంది. లాగేది క్షణం, ఆ క్షణం కోసం ఎదురుచూపు మాత్రం చాలాసేపు. గాజు మరీ వేడిగా ఉంటే జారిపోతుంది, ఆరితే పటకారు కింద పగులుతుంది. రెండోది దీపపు మంట. బల్ల మీద గ్యాసు, ఆక్సిజన్ కలిసిన మంట ముందు గాజు కడ్డీలు పట్టుకుని వేలెడు చేపలు చేస్తారు. సోడియం మండి వచ్చే పసుపు వెలుగు కంటికి అడ్డం రాకుండా ప్రత్యేకమైన కళ్లజోడు పెట్టుకుంటారు. మూడోది గాజు పలకలను చేప ఆకారంలో కోసి, ముక్కలు పేర్చి, విద్యుత్ బట్టీలో 750 నుంచి 800 డిగ్రీల దాకా వేడిచేసి కలిపేది. కొత్తవాళ్లకు ఇదే సులువు. సీసా ముక్కలతోనూ చేయొచ్చు కానీ ఏ సీసా ముక్కలు ఆ సీసావే కావాలి. వేడికి ఒక్కో గాజు ఒక్కో పాళ్లలో వ్యాకోచిస్తుంది. రెండు రకాలు కలిపితే చల్లారేటప్పుడు ఒకదాన్నొకటి లాక్కుని పగులుతాయి.

రంగులు ఖనిజాల పని. కోబాల్టు చిటికెడు చాలు, ముదురు నీలం వస్తుంది. రాగి నెమలి నీలాన్నీ, కొలిమి తీరు మారిస్తే ఎరుపునూ ఇస్తుంది. మాంగనీసు ఊదా. సన్న మోతాదులో బంగారం కలిపితే కెంపు రంగు. సీసా గాజుకు ఉండే ఆకుపచ్చ ఛాయ ఇసుకలోని ఇనుము తెచ్చినదే.

చేప పూర్తయింది అనుకున్నాక అసలు పరీక్ష మొదలవుతుంది. వేడి చేపను బయట పెడితే పల్చటి రెక్కలు ముందు చల్లారి ముడుచుకుంటాయి, పొట్ట ఇంకా వేడిగానే ఉంటుంది. ఆ లాగుడుకు చేప చిట్లిపోతుంది. అందుకే దాన్ని 500 డిగ్రీల ప్రాంతంలో ఉన్న బట్టీలో పెట్టి, రాత్రంతా నెమ్మదిగా వేడి దించుతారు. దళసరి దిమ్మెలకు రోజులే పడుతుంది. సరిగ్గా చల్లారని గాజు వెంటనే పగలకపోవచ్చు. నెలల తరవాత అరలో ఉన్నదున్నట్టే చీలవచ్చు. లోపల దాగిన ఈ బిగువును చూడటానికి ఒక ఉపాయం ఉంది. కాంతిని ధ్రువణం చేసే ఫిల్ములు రెండింటిని ఒకదానికొకటి అడ్డంగా పట్టి మధ్యలో చేపను ఉంచి వెలుగుకు చూస్తే, బిగువున్న చోట తెల్లటి చారలో రంగు చారలో కనిపిస్తాయి. ఏమీ కనిపించకపోతే చేప క్షేమం.

మన నేలకూ గాజుతో పాత బంధమే ఉంది. శ్రీకాళహస్తికి దగ్గరలోని పాపానాయుడుపేటలో కరిగిన గాజు ముద్దను లాగి సన్నని గొట్టాలుగా సాగదీసి, ముక్కలు కోసి పూసలు చేసే పద్ధతి ఇటీవలి దాకా నిలిచి ఉంది. రెండు వేల ఏళ్ల కిందట పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో ఇదే పద్ధతిలో చేసిన పూసలు ఆగ్నేయాసియా దాకా వెళ్లాయి. పూసల చరిత్ర రాసిన పరిశోధకులు పాత పని ఎలా సాగేదో తెలుసుకోవడానికి ఈ ఊరికే వచ్చారు. మనవాళ్లకు ఆ ఊరి పేరు తెలిసింది తక్కువ.

తీగా గాజూ ఒకే బొమ్మలో కలిసిన సందర్భం కూడా కాల్డర్ దగ్గరే దొరుకుతుంది. కనెటికట్ రాష్ట్రంలోని రాక్స్‌బరీ అనే చిన్న ఊళ్లో పాత పొలం ఇంట్లో ఉంటూ 1940ల్లో తీగతో చేప చట్రాలు వంచి, లోపల వలలా తీగలు కట్టి, వాటికి రంగు గాజు పెంకులు, పింగాణీ ముక్కలు వేలాడదీశాడు. 1944 నాటి ‘ఫిష్’, 1948 నాటి ‘ఫిన్నీ ఫిష్’ రెండూ వాషింగ్టన్ మ్యూజియాల్లో ఉన్నాయి. గాలి తగిలితే పొలుసులు మెరుస్తాయి. వాస్తుశిల్పి ఫ్రాంక్ గెహ్రీ 1986లో మినియాపొలిస్ వాకర్ ఆర్ట్ సెంటర్ కోసం గాజు పలకలతో 22 అడుగుల చేపను నిలబెట్టాడు. చిన్నప్పుడు టొరాంటోలో అమ్మమ్మ వారం వారం బతికున్న చేపను తెచ్చి వంటకు ముందు స్నానాల తొట్టిలో వదిలేదని, దాంతో ఆడుకునేవాడినని గెహ్రీ చెప్పేవాడు. చేపంటే ఆయనకున్న మోజు అక్కడిది. అయితే గాజు చేప అంత పెద్దదైనప్పుడు ఒక నష్టం ఉంది. అది భవనం అయిపోతుంది, చేప మిగలదు.

చిన్న గ్యాలరీకి ఉన్న బలం ఇక్కడ తెలుస్తుంది. వేలెడు చేపను, గుప్పెడు పిట్టను మూరెడు దూరం నుంచి చూడాలి. పెద్ద మ్యూజియం అద్దాల పెట్టెలో అవి బిక్కమొహం వేస్తాయి. వెలుతురు సర్దడమే ఇలాంటి ప్రదర్శనలో సగం పని. తీగ పిట్టకు ఒకే దిక్కు నుంచి ఒకే దీపం కావాలి. అప్పుడు గోడ మీద నీడ పదునుగా పడి, ఒక్క పిట్ట రెండవుతుంది. నాలుగు వైపులా ట్యూబులైట్లు వెలిగిస్తే నీడలన్నీ చెరిగి, తీగ కూడా కనబడకుండా పోతుంది. గాజు చేపకు ముందు నుంచి వెలుగు పడితే మెరుపు తప్ప మరేమీ కనబడదు. వెనక నుంచో కింది నుంచో రావాలి. కిటికీ మేలే, కానీ దళసరి గుండ్రటి గాజు భూతద్దంలా ఎండను ఒక్కచోటికి చేర్చి కర్టెన్లను కాల్చగలదు. నేరుగా ఎండ పడే కిటికీ పనికిరాదు. చెక్క నేల మీద జనం నడిచే అదురుకు గాజు బొమ్మలు అరల్లో మెల్లగా జరుగుతాయి. అందుకే అడుగున చిటికెడు మైనం అంటిస్తారు. పిట్టలను చేపల గాలానికి వాడే, కంటికి ఆనని నైలాను దారంతో వేలాడదీస్తారు. పిట్టకు గాలపు దారమేమిటని నవ్వుకోవచ్చు.

చిన్న ఊరైనంత మాత్రాన చిన్న పని అనుకోనక్కర్లేదు. న్యూయార్కు రాష్ట్రంలోని కార్నింగ్ జనాభా పదకొండు వేల లోపే. అక్కడ 1951లో స్థాపించిన గాజు మ్యూజియం ప్రపంచంలోని పెద్ద గాజు సేకరణల్లో ఒకటి. 1972లో ఏగ్నెస్ తుపాను వరద ఆ మ్యూజియంలోకి చొరబడింది. అప్పటికి ఉన్న 13,000 వస్తువుల్లో దెబ్బతిన్నవి 528. గ్రంథాలయంలోని పుస్తకాలు అంతకంటే ఎక్కువ నష్టపోయాయి. వరదలో కాగితం కన్నా గాజే మేలన్నమాట.

మామూలు గ్యాలరీల బండి నడిచేది కమీషను మీద. అమ్ముడైన ధరలో మూడో వంతు నుంచి సగం దాకా గ్యాలరీ ఉంచుకుని మిగతాది కళాకారుడికిస్తుంది. వినడానికి ఎక్కువ అనిపిస్తుంది గానీ అద్దె, కరెంటు, ప్రారంభోత్సవం నాటి టీ ఖర్చు దాకా అందులోంచే రావాలి. రాజమహేంద్రవరంలో చిత్రకారుడు దామెర్ల రామారావు పేరున ఉన్న చిత్రశాల వంటిది ప్రతి జిల్లా కేంద్రంలో ఒక్కటున్నా, కరీంనగర్ నెమళ్లూ పాపానాయుడుపేట గాజూ ఒకే గోడ పక్కన చూపించొచ్చు. దానికి రెండు గదులు, నాలుగు దీపాలు చాలు.

ఇంటికి కొనుక్కునేవాళ్లు తీగ పిట్టను ఒకసారి బల్ల మీద నిలబెట్టి వదిలి చూడాలి. వాలిపోతే కాళ్లు తప్పు. తీగ కొసలు బయటికి పొడుచుకురాకుండా లోపలికి మడిచి ఉన్నాయో లేదో వేలితో తడమాలి. దుమ్ముకు మెత్తటి కుంచె చాలు, తడిగుడ్డ ఇనుముకు చేటు. గాజు చేపను వెలుగుకు పట్టి, రెక్కలు ఒంటికి కలిసే చోట సన్నని చీలిక ఉందేమో వెతకాలి. ఉంటే ఎంత అందమైనదైనా వదిలేయడం మంచిది. తీగ పిట్ట కిందపడి వంగితే తిరిగి వంచుకోవచ్చు, గాజు చేప విరిగితే అతుకు ఎప్పటికీ కనబడుతూనే ఉంటుంది. కాబట్టి చిన్నపిల్లలున్న ఇంటికి పిట్టే మేలు.